తిరిగి చెప్పే ఇల్లు

సంధ్య పట్టుబట్టి రమ్మంటే కొత్త కంట్రోల్ రూమ్ చూడటానికి వెళ్ళాను. ఒకప్పుడు నా పక్క కుర్చీలో కూర్చుని పని నేర్చుకున్న పిల్ల, ఇప్పుడు ఆ గదికంతటికీ పెద్ద. మా కాలంలో కంట్రోల్ రూమ్ అంటే సంతే. స్పీకర్లలోంచి గరగరలు, కేకలు, మధ్యలో ఎవరో డ్రైవరు దగ్గు, ఇంకెవరో మైకు మీంచి వేలు తీయడం మరిచిపోయి తనలో తాను పాడుకునే పాట. ఇప్పుడు ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. గోడంతా తెర, తెర నిండా ఊరి మ్యాపు, దాని మీద నెమ్మదిగా జరుగుతున్న బుల్లి బండ్ల బొమ్మలు. ఫోను చేసిన మనిషి ఎక్కడున్నాడో దానంతట అదే తెర మీద పడుతుంది. దగ్గర్లో ఉన్న ఫైరింజనో అంబులెన్సో కంప్యూటరే చూసుకుంటుంది. బండిలో ఉన్న పలకలాంటి తెర మీదికి చిరునామా, దారి వెళ్ళిపోతాయి. డ్రైవరు దాన్ని వేలితో తాకి బయల్దేరతాడు, చేరాక మళ్ళీ తాకుతాడు. "ఏక్ శబ్ద్ భీ నహీ, మేడమ్. ఒక్క మాట కూడా మాట్లాడక్కర్లేదు" అంది సంధ్య, కళ్ళు మెరుస్తుండగా. గర్వపడాల్సిన పనే. నాకు మాత్రం ఆ ముక్క ఎక్కడో గుచ్చుకుంది. టీ సగం తాగి లేచాను, గోడ దాకా నడిచాను, మళ్ళీ వచ్చి కూర్చున్నాను, మళ్ళీ లేచాను. చలేస్తోందా అని అడిగింది పాపం. లేదమ్మా అన్నాను.

ఊరి చివర కోనిలో మా ఇంటికి వచ్చాక కూడా కాలుగాలిన పిల్లిలా వంటింటికీ వరండాకీ తిరుగుతూనే ఉన్నాను. ఏమిటి నా గొడవ? పాత రోజులే మంచివని కొట్టుకుపోయే మనిషిని కాను నేను. ఆ పాత రోజుల్లో ఏం జరగబోయిందో నాకంటే బాగా ఎవరికీ తెలియదు. మాట లేకుండా పని జరిగితే నాకేం నొప్పి? ఇలా నన్ను నేను తిట్టుకుంటూ ఉంటే మా రైల్వే క్వార్టర్ గుర్తొచ్చింది. మాటకు మా ఇంట్లో ఉన్నంత విలువ బిలాస్‌పూర్ మొత్తం మీద ఏ ఇంట్లోనూ ఉండేది కాదు. ఆ విలువే ఒకరోజు మా కొంప ముంచబోయింది.

మా నాన్న రైల్వేలో రిలీఫ్ ట్రైన్ వైర్‌లెస్ ఆపరేటరు. ఎక్కడైనా బండి పట్టాలు తప్పితే క్రేనునీ డాక్టర్లనీ ఎక్కించుకుని వెళ్ళే రైలది. అందులో ఒక మూల నాన్న వైర్‌లెస్ పెట్టె. శ్రీకాకుళం వైపు నుంచి తాతల కాలంలో పొట్ట చేత పట్టుకుని వచ్చిన కుటుంబాలు మా లైన్లో చాలా ఉండేవి గానీ వైర్‌లెస్ ఇల్లు మాదొక్కటే. నాన్న డ్యూటీ నుంచి వస్తే ఆయన కంటే ముందు బ్యాటరీ యాసిడ్ వాసన వచ్చేది. ఖాకీ చొక్కాకి ఎక్కడో ఓ చోట ఆ యాసిడ్ తిన్న చిల్లు ఉండేది. అమ్మ బొగ్గుల కుంపటి మీద పులుసు మరిగిస్తూ, ఆ ఇంగువ వాసనలోనే చిల్లులకు మాసికలు వేస్తూ, "ఈ బట్టలకి నా కళ్ళు పోతన్నాయి" అని సణిగేది. షెడ్డు దగ్గర సైరన్ మోగిందంటే చాలు, నోట్లో ముద్ద నోట్లోనే ఉండగా నాన్న లేచిపోయేవారు. అమ్మ కంచం మీద మూత పెట్టి గుమ్మం దాకా వచ్చేది. ఆ కంచం ఎప్పుడు తెరుచుకుంటుందో ఎవరికీ తెలియదు.

గుమ్మంలో ఒక తంతు జరిగేది. నాన్న సైకిలు పట్టుకుని, "కిరోసిన్ తెప్పించు. పెద్దోడ్ని లెక్కల మాస్టారి కాడికి పంపు. పాలోడికి రేపు ఒద్దని సెప్పు" అనేవారు. అమ్మ ఒక్క పొల్లు పోకుండా, "కిరోసిన్ తెప్పిస్తాను. పెద్దోడ్ని లెక్కల మాస్టారి కాడికి పంపుతాను. పాలోడికి రేపు ఒద్దని సెప్తాను" అని అప్పజెప్పేది. అది అయితేనే ఆయన కాలు పెడల్ మీద పడేది. అవతల ఎక్కడో బోగీలు పడి ఉన్నా సరే, ఈ అప్పగింత కాకుండా కదిలేవారు కాదు. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో రిలీఫ్ ట్రైన్‌కి వైర్‌లెస్ కూడా లేదట. వెదురుకర్రకి కొక్కెం కట్టి, లైను పక్క టెలిఫోను తీగలకు తగిలించి, గాలి హోరులో గొంతు చించుకుని మాట్లాడేవారట. అవతలివాడు మాటని తిరిగి చెప్తే తప్ప అందినట్టు కాదు. ఆ అలవాటు ఇంటికి తెచ్చేశారు. మా ఇంట్లో ఏ మాటైనా చెప్పినవాళ్ళు ఆగాలి, విన్నవాళ్ళు తిరిగి చెప్పాలి. చెప్పకపోతే "ఏటి, గోడకి సెప్పినానా?" అని నాన్న గొంతు లేచేది. మా ఇంటికి భోజనానికి వచ్చిన చుట్టాలు కూడా "ఇంకొంచెం పులుసు వేసుకో" అంటే "ఇంకొంచెం పులుసు వేసుకుంటాను" అనేదాకా గరిటె గాలిలోనే ఉండేది. కాలనీలో పిల్లలు మమ్మల్ని చిలకలని వెక్కిరించేవాళ్ళు.

ఈ విద్యలో మా అన్నయ్యని మించినవాడు లేడు. అమ్మ గోల్ బజార్‌కి పంపుతూ, మెంతులు, బెల్లం, పసుపుకొమ్ములు తే, వంకాయలు మాత్రం తేవద్దు, ఇంట్లో ఉన్నవే కుళ్ళిపోతున్నాయి అంటే, ఊపిరి తీయకుండా మొత్తం తిరిగి చెప్పేవాడు, ఆ కుళ్ళిపోవడంతో సహా. నాన్న మీసం కింద నవ్వుకునేవారు. వాడు తిరిగొచ్చేసరికి సంచీ నిండా వంకాయలు. "ఓలమ్మ, నోటితో సెప్పినావు కదరా!" అని అమ్మ నెత్తి కొట్టుకునేది. "సెప్పినానా?" అని నిజంగానే ఆశ్చర్యపోయేవాడు. అబద్ధం కాదు, వాడి నోరు ఒక దారి, బుర్ర ఒక దారి. సగం వీధి దాటేసరికి బుర్ర ఏ క్రికెట్ ఆట దగ్గరో ఆగిపోయేది. నాన్న మాత్రం వాడిని ఏమీ అనేవారు కాదు. వాడు తిరిగి చెప్పాడు, కాబట్టి మాట అందింది. వంకాయలు రావడం కొట్టువాడి తప్పో, అమ్మ తప్పో అయ్యుండాలి. నాకు ఒళ్ళు మండిపోయేది. నేను ఒక్క ముక్క తప్పు చెప్తే మళ్ళీ మొదటి నుంచీ చెప్పించే మనిషి, వాడి వంకాయల్ని చూసీ చూడనట్టు వదిలేసేవారు.

అన్నయ్య పెద్దయ్యాక ఫైరింజన్ డ్రైవరయ్యాడు. ఆ తర్వాత నాకు జిల్లా కంట్రోల్ రూమ్‌లో ఆపరేటరు ఉద్యోగం వచ్చింది. పోలీసు, ఫైరు, ఆసుపత్రి బండ్లన్నీ ఒకే గదిలోంచి చూసేవాళ్ళం. నేను చేరిన కొన్నాళ్ళకే కొత్త వైర్‌లెస్ సెట్లు వచ్చాయి. వాటిలో ఒక విచిత్రం ఉంది. డ్రైవరు మైకు బటన్ నొక్కగానే, మాట కంటే ముందు "కిచకిచ"మని చిన్న చప్పుడు వచ్చేది. అది వట్టి చప్పుడు కాదు. అందులో ఆ బండి నంబరు ఉండేది, నా ముందున్న పెట్టె మీద అది వెలిగేది. బండిలో కొన్ని బటన్లు కూడా పెట్టారు: బయల్దేరాను, చేరాను, పని అయింది, తిరిగొస్తున్నాను. ఒకటి నొక్కితే మాట లేకుండానే కిచకిచ వచ్చి, ఆ సంగతి నాకు తెలిసేది. అన్నిటికంటే నాకు నచ్చింది దీపాలు. మా జిల్లాలోనే ఉన్న కోటా అనే చిన్న ఊరి దగ్గర ఒక వైర్‌లెస్ స్తంభం, కోని దగ్గర ఒకటి, బిలాస్‌పూర్ ఊళ్ళో ఒకటి. బండి చేసిన కిచకిచ ఏ స్తంభానికి గట్టిగా అందితే ఆ స్తంభం పేరున్న దీపం వెలిగేది. అంటే డ్రైవరు ఎక్కడున్నానని చెప్పినా, చెప్పకపోయినా, ఏ వైపు ఉన్నాడో నాకు తెలుస్తుంది. మొదటిసారి ఆ సంగతి అర్థమైన రోజు నాకు నవ్వాగలేదు. అన్నయ్య లాంటి వాళ్ళ కోసమే ఎవరో దీన్ని కనిపెట్టారనుకున్నాను.

నాన్నకి ఆ చప్పుడంటేనే చిరాకు. డ్యూటీ లేని రోజుల్లో నా క్యారేజీ ఆయనే సైకిలు మీద తెచ్చేవారు. తెచ్చి, తలుపు పక్క బెంచీ మీద కూర్చుని, నేను తినేదాకా స్పీకర్లు వినేవారు. మా ఇన్‌ఛార్జికి ఆయనంటే గౌరవం, ఏమీ అనేవాడు కాదు. "ఈ పిట్టకూతేటే? మనిసి గొంతు ఇని నమ్మాల గానీ దీపాన్ని నమ్ముతారేటి?" అనేవారు. దీపం అబద్ధం చెప్పదు నాన్నా అనేదాన్ని. "దీపం సెప్పదు సరే, తిరిగి సెప్పమంటే సెప్తాదా?" అని ఆయన. ఆయనతో వాదించి గెలిచినవాళ్ళు లేరు. నాకు మాత్రం గెలవాలని ఎప్పుడూ ఉండేది. ఇద్దరం ఒకే పనిలో ఉన్నాం, కానీ ఆయన చెవితో బతికిన మనిషి, నాకు కళ్ళు వచ్చాయి. ఆ తేడాకే మాకు రోజూ కీచులాట.

ఆ ఏడు వానలు విడవకుండా పడ్డాయి. ఒకరోజు పొద్దున్న కోటా అవతల ఊళ్ళో మట్టిగోడలు కూలి మనుషులు చిక్కుకుపోయారంటే అన్నయ్య బండి వెళ్ళింది. మధ్యాహ్నానికి అందరినీ బయటికి తీశారు. "పని అయింది" బటన్ కిచకిచలాడింది. కోటా దీపం వెలిగింది. అప్పుడే నాన్న గొడుగు దులుపుకుంటూ క్యారేజీతో వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. తిరిగి రావడానికి రెండు దారులు. దగ్గర దారిలో వాగు మీద రప్టా ఉంది. రప్టా అంటే వాగుకి అడ్డంగా నేలబారుగా వేసిన కాంక్రీటు దారి, కటకటాలుండవు, వాన ఎక్కువైతే దాని మీంచే నీళ్ళు పారతాయి. రెండోది కోని మీదుగా చుట్టుదారి, ఎత్తు వంతెన ఉంది. ఇంతలో అటువైపు ఠాణా నుంచి కబురొచ్చింది, రప్టా మీద నీళ్ళు పొర్లుతున్నాయని. నేను మైకు అందుకున్నాను. వైర్‌లెస్ మీద హిందీయే మాట్లాడాలని రూలు. అన్నాచెల్లెళ్ళమైనా అక్కడ మేం బండి నంబరూ కంట్రోలూ మాత్రమే. "రప్టా పర్ పానీ హై. రప్టా సే మత్ ఆనా. కోని హోకే ఆనా" అన్నాను, రప్టా మీద నీళ్ళున్నాయి, అటు రావద్దు, కోని మీదుగా రమ్మని. వెంటనే అన్నయ్య గొంతు, ఒక్క సంగతీ వదలకుండా: "రప్టా పర్ పానీ హై. రప్టా సే నహీ ఆనా. కోని హోకే ఆనా. ఠీక్ హై."

నాన్న బెంచీ మీద తృప్తిగా సర్దుకున్నారు. "సూసినావా, ఎలగ సెప్పినాడో! ఇంక తిను బేగి, సారన్నం సల్లారిపోతాది" అన్నారు. నేను క్యారేజీ మూత తీశాను. పెదవి దాకా వచ్చిన ముద్ద అక్కడే ఆగింది. చిన్నప్పుడు ఇదే గొంతు, ఇదే ఠకఠక, ఆ తర్వాత సంచీ నిండా వంకాయలు. చేయి కడుక్కుని మళ్ళీ కుర్చీలోకి వచ్చాను. కోని రోడ్డెక్కి కొంత దూరం వచ్చాడంటే కోని దీపం వెలగాలి. రప్టా దారి పట్టాడంటే వాగు దాకా కోటా దీపమే. బండి కిచకిచమంటే గానీ ఏ దీపమూ వెలగదు. నేను కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చున్నాను. రేకుల మీద వాన బాదుతోంది. కాసేపటికి "తిరిగొస్తున్నాను" బటన్ కిచకిచలాడింది, బయల్దేరిన చాలాసేపటికి గుర్తొచ్చి నొక్కాడు కాబోలు. ఈపాటికి కోని రోడ్డు మీద ఉండాలి, వెలిగింది మాత్రం కోటా దీపం.

"కోనికి రాలేదు. రప్టా దారిలో ఉన్నాడు" అన్నాను. ఇన్‌ఛార్జి వంగి చూసి, వానలో ఈ దీపాలు అప్పుడప్పుడు తప్పు చూపిస్తాయి, డ్రైవరు నోటితో చెప్పాడు కదా అన్నాడు. నాన్న కూడా లేచి వచ్చారు. "నోటితో సెప్పీసినాడు కదే. నీ సెవులతో ఇన్నావు, నా సెవులతో ఇన్నాను. మరేటి?" ఆ బండిలో అన్నయ్యతో పాటు ఇంకా మనుషులున్నారు. మళ్ళీ మైకు నొక్కి, రప్టా సే మత్ ఆనా అన్నాను. మళ్ళీ అంతే చక్కగా, అంతే వేగంగా, "రప్టా సే నహీ ఆనా, కోని హోకే ఆనా" అని తిరిగొచ్చింది. ఆ మాటకు ముందు వచ్చిన కిచకిచతో వెలిగింది కోటా దీపమే. నాన్న నావైపు చూసి, ఇంకేం కావాలి అన్నట్టు చేతులు తిప్పారు. ఆ క్షణంలో నాకు ఆయన మీద వచ్చినంత కోపం జన్మలో ఎవరి మీదా రాలేదు. ఎన్నిసార్లు చెప్పినా వాడు తిరిగి చెప్తూనే ఉంటాడు. చెప్తూ చెప్తూనే నీళ్ళలోకి పోతాడు. వాడికి చెప్పకూడదు. తిరిగి చెప్పడానికి వీల్లేనిదేదో అడగాలి. రూలూ లేదు, హిందీ లేదు, నా నోట్లోంచి ఇంటి మాట వచ్చేసింది.

"అన్నియ్యా! నీకు ఎదర ఏటి కనబడతంది?"

వాడు మైకు నొక్కే ఉంచాడు. ఇంజన్ చప్పుడు, అద్దం తుడిచే వైపర్ల టకటక, అన్నీ గదిలోకి వినిపిస్తున్నాయి. అప్పజెప్పడానికి వాడికి నేను మాటలేమీ ఇవ్వలేదు, వాడు తనంతట తాను చూసి చెప్పాలి. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అప్పుడు వచ్చింది గొంతు, ఆ ఠకఠక లేదు, కొత్తగా ఎవరో మాట్లాడుతున్నట్టు ఉంది. "రోడ్డు..." అని ఆగాడు. "రోడ్డు కనబడ్డం నేదే బుల్లీ. నీళ్ళే." వెంటనే బ్రేకుల కీచు. "ఓలమ్మ, ముందు సక్రాలు దిగిపోనాయి" అని ఎవరితోనో అరుస్తున్నాడు. వెనక్కి తియ్యి, వెనక్కి తియ్యి అని బండిలో కేకలు. ఆ తర్వాత మైకు ఆగిపోయింది. మాట లేదు, కిచకిచ లేదు, ఏ దీపమూ లేదు. నేను దేవుళ్ళందరినీ తిట్టాను, మొక్కాను, మళ్ళీ తిట్టాను. ఎంతసేపో నాకు తెలియదు. నాన్న నా కుర్చీ వెనక నిలబడి కుర్చీ వీపు పట్టుకున్నారు. చివరికి చిన్న కిచకిచ. ఇంకోసారి కిచకిచ. కోని దీపం వెలిగింది. ఇన్‌ఛార్జి కుర్చీలో కూలబడి, వైర్‌లెస్ మీద తెలుగు మాట్లాడినందుకు నా మీద రిపోర్టు రాయాల్సి ఉంటుందన్నాడు, కానీ రాయలేదు.

నేను అప్పుడు వెక్కి వెక్కి ఏడ్చాను. గెలిచానన్న ఊహ కూడా రాలేదు. నాన్న క్యారేజీ గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేర్చారు, తినని అన్నంతో సహా. గొడుగు బెంచీ మీదే మరిచిపోయి వానలో సైకిలెక్కి వెళ్ళిపోయారు.

సాయంత్రం అన్నయ్య తడి బట్టలతో ఇంటికి వచ్చాడు. అమ్మ వేణ్ణీళ్ళు పెట్టింది, తల తుడిచింది, తిట్టింది, ఏడ్చింది, అన్నీ ఒకేసారి. నాన్న పీట మీద కూర్చుని వాడి వైపు చూడకుండా అడిగారు. "నీళ్ళున్నాయని నోటితో అన్నప్పుడు ఏటనుకున్నావురా?" అన్నయ్య తువ్వాలు కింద నుంచి, చాలా మామూలుగా, "ఏటీ అనుకోనేదు నాన్నా. నువ్వు నేర్పినట్టే నోరు సెప్పీసింది. నాను కూలిన గోడ కింద ముసలోడి గురించి ఆలోసిస్తన్నాను. సేతులు రోజూ తిప్పే దారికే తిప్పీసినాయి" అన్నాడు. వాడికి ఆ మాట ఎక్కడ తగులుతుందో తెలియదు. నాకు తెలిసింది. నాన్న ముఖం అలా వాడిపోవడం నేను అంతకుముందు చూడలేదు. కంచం ముందు కూర్చున్నారు గానీ ముద్ద ఎత్తలేదు. ఏ రైలు ప్రమాదమూ ఆయన్ని అంతగా కుంగదీయలేదు.

తర్వాత కొన్నాళ్ళు మా ఇల్లు మా ఇల్లులా లేదు. నాన్న ఎవరినీ ఏదీ తిరిగి చెప్పమనడం మానేశారు. అమ్మ ఏదైనా చెప్పి అలవాటు కొద్దీ ఆగేది, ఎవరూ ఏమీ అనకపోతే బిక్కమొహం వేసేది. "ఏటి ఈ మూగ నోము? సెప్పింది గాల్లో కలిసిపోతంది" అని గిన్నెలు విసిరేది. నలుగురం ఒకరికొకరం అడ్డం తగులుతూ, ఎక్కడ కూర్చోవాలో తెలియనట్టు తిరిగేవాళ్ళం. ఒకరోజు భోజనాల వేళ షెడ్డు సైరన్ మోగింది. నాన్న లేచారు, అమ్మ కంచం మీద మూత పెట్టి గుమ్మంలోకి వచ్చి అప్పజెప్పడానికి నిలబడింది. నాన్న సైకిలు పట్టుకున్నారు. ఆ తర్వాత, "రేపటికి ఇంట్లో ఏటుంది?" అని అడిగారు. పెళ్ళయినప్పటి నుంచీ ఆయన అమ్మని ఆ ప్రశ్న అడిగినట్టు లేదు. అమ్మ కంగారు పడిపోయింది. లోపలికి తొంగి చూసి, "కిరోసిన్ అడుగంటింది. నా సెప్పు తెగిపోనాది. మరి... మీరెల్లిపోతే నాకు నిద్దర పట్టదు" అంది. ఆ చివరి మాట ఆవిడ ఎన్నేళ్ళుగా దాచుకుందో. నాన్న సైకిలు గోడకి చేరవేసి, వెనక్కి వచ్చి ఆవిడ ముందు నిలబడ్డారు. ఏమన్నారో నాకు వినబడలేదు. ఆ పూట రిలీఫ్ ట్రైన్ ఆయన కోసం కొంచెం ఆగే ఉంటుంది.

నా ఉద్యోగం సాగినన్నాళ్ళూ కిచకిచలు ఎదుగుతూ పోయాయి. బటన్ల తర్వాత బండిలో చిన్న పట్టీ మీద అక్షరాలు వచ్చాయి, చిరునామా రాసి పంపితే అక్కడ మెరిసేది. "అందింది" అని నాకు గుర్తు వచ్చేది. పెట్టెకి అందిందా మనిషికి అందిందా అని మాత్రం ఆ గుర్తు చెప్పేది కాదు. తర్వాత మ్యాపు వచ్చింది, దీపాలు పోయి బొమ్మలు వచ్చాయి. అది లేని రోజుల్లో ఎన్ని బండ్లు ఏ నీళ్ళలోకి పోయాయో ఎవరికి తెలుసు? ఆ కిచకిచే లేకపోతే ఆ రోజు మా అన్నయ్య గొంతును నమ్మి నేను చారన్నం తినేసేదాన్ని. అందుకే పాతదాన్ని మెచ్చుకోలేను. అలాగని సంధ్య గదిలో కుదురుగా కూర్చోనూ లేను. దీపం నాకు అనుమానం ఇచ్చింది, అంతే. బండిని ఆపింది దీపం కాదు. అడగడం. ఆ గదిలో ఇప్పుడు అన్నీ కనిపిస్తున్నాయి కాబట్టి ఎవరూ ఏమీ అడగడం లేదు. వచ్చే ముందు సంధ్యతో ఆ మాటే అన్నాను, ఊరికే ఒక డ్రైవరుని పిలిచి ఎలా ఉన్నావని అడగమ్మా అని. "కుఛ్ హోగా తో బటన్ దబాయేగా, మేడమ్" అని నవ్వింది. ఏమైనా అయితే బటన్ నొక్కుతాడట. నొక్కే స్థితిలో ఉంటే నొక్కుతాడు అని గొణుక్కుంటూ మెట్లు దిగాను.

అన్నయ్య ఇప్పుడు కోటాలో కూతురి దగ్గర ఉంటున్నాడు. వదిన పోయింది. వాడికి గుండె జబ్బు, పైగా షుగరు. మొన్నామధ్య బజారులో కళ్ళు తిరిగి పడిపోతే, మేనకోడలు భయపడి మా ఇద్దరి ఫోన్లలో ఏదో నొక్కి పెట్టింది, ఎవరు ఎక్కడున్నారో చుక్కలా కనబడేలా. అప్పటి నుంచీ పొద్దున లేవగానే కాఫీ కంటే ముందు నేను చూసేది ఆ చుక్కనే. ఇంట్లో ఉందా, గుడి వైపు నడిచిందా, ఆసుపత్రి వైపు గానీ పోయిందా. ఆ గదిలోంచి వచ్చిన రోజు సాయంత్రం కూడా చూశాను. చుక్క ఇంట్లోనే ఉంది. నా మనసు మాత్రం నిలవలేదు. ఫోను చేశాను.

"మందులు ఏసుకున్నావా అన్నియ్యా?"

"మందులు ఏసుకున్నాను" అన్నాడు ఠక్కున.

"అన్నం తిన్నావా?"

"అన్నం తిన్నాను."

అదే ఠకఠక, అదే గొంతు, కాకపోతే కొంచెం వణుకు. ఇంకేమీ ఆలోచించకుండా అడిగేశాను, "సరేగానీ, నీకు ఎదర ఏటి కనబడతంది?"

వాడి ఊపిరి వినిపిస్తోంది. తర్వాత నెమ్మదిగా, నవ్వుతున్నాడో ఏమో తెలియకుండా అన్నాడు. "ఏటి కనబడతాదే? ఈ ఫోనే. ఇందులో కోని ఉంది, నీ సుక్క ఉంది. పండక్కి ముందు నుంచీ సూస్తన్నాను, ఇటేపు రాదేటే బుల్లీ?"

నేను చెప్పుల కోసం వెతకడం మొదలుపెట్టాను.